సింగపూరులో చెలుల పంక్తి

బయట భోజనము చేయుట యనిన మనలో పెక్కుమందికి తోచునవి రెండే సందర్భములు: పెండ్లి, ప్రయాణము. ఆ రెండింటను మనము ఇంటివారి వెంటనే యుందుము. వారు చూపిన చోట కూర్చుండి, పిల్లలకు తినిపించి, విస్తరిలో మిగిలినది మనము తిని లేతుము. పండుగ లేకయే, పని లేకయే, కేవలము చెలికత్తెలను చూడవలెనను కోరికతో సాయంకాలము బయలుదేరి, వారితో నాలుగు మాటలాడుచు అన్నము తిని యింటికి మరలివచ్చుట నా ముప్పదియైదేండ్ల జీవితములో నేనెఱుగను. సింగపూరు నగరమున ఎఱిగితిని. ఆ సంగతి మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా చెల్లెలి పురుటికై నేనచ్చటికి పోయి రెండు నెలలుంటిని. మాకు అమ్మ లేదు గనుక ఆ భారము నాయదియే. వారు కాపురముండు మేడలో వంటయిల్లు మన దేవునిగదియంత యుండును. దిగిన మొదటినాడే గిన్నెలు సర్దబోయి, అవి కొనిన నాటి మెఱుపు తఱుగకుండుట చూచి, "ఏమే, వంట చేయవా?" అని అడిగితిని. "వారంలో మూడు నాలుగు రోజులు చేస్తాను అక్కా, తక్కిన రోజులు క్రింద తిని వస్తాము" అన్నది. నాకు కోపము వచ్చినది. కడుపుతోనున్నది అంగడికూడు తినుటయా యని నాలుగు మాటలు గట్టిగా అంటిని. అది బదులు చెప్పలేదు. ఆ యూరకుండుట నాకు తప్పొప్పుకొనుటగా తోచినది గాని, దాని యర్థము నాకు నలువది దినములకు గాని తెలియలేదు.

క్రింద అనగా, కాలినడక దూరమున నున్న అన్నపు అంగళ్ల కూటము. దానిని వారు హాకరు సెంటరు అందురు. పెద్ద కప్పు, చాలచోట్ల చుట్టును గోడలుండవు, పైన పంకాలు తిరుగుచుండును. లోపల వరుసలు వరుసలుగా చిన్న చిన్న అంగళ్లు. ఒక్కొక్క అంగడిలో ఒకటి రెండు వంటకములే. ఒకడు జీవితమంతయు కోడి యన్నమే వండును, వేఱొకడు పరోటాయే కాల్చును. దానిని అక్కడ ప్రాటా అందురు. నడుమ నేలకు బిగించిన బల్లలు, పీటలు అందఱికిని ఉమ్మడి. ఎవరికి కావలసినది వారు కొని తెచ్చుకొని ఎక్కడనైన కూర్చుండవచ్చును. పళ్లెము నాలుగైదు డాలర్లకు దొరకును. ఆ నగరమున ఇది చౌక.

ఈ యంగళ్లవారు పూర్వము వీథులలో బండ్లు పెట్టుకొని, కావడులు మోసికొని అమ్మినవారే. నీటి కొళాయి లేదు, ఎంగిలి అంతయు కాలువలలోనే. 1968–69 సంవత్సరములలో ప్రభుత్వమువారు వారి పేళ్లు వ్రాసికొనగా, సుమారు 18,000 మంది తేలిరి. వారిని తఱిమివేయక, 1971 నుండి 1986 వఱకు ఇట్టి కూటములను కట్టి, కొళాయి నీరు, మురుగు తూములు అమర్చి, లోపలికి చేర్చిరి. ఇప్పుడు నగరమున ఇట్టివి నూటికి పైగా గలవు. 2020లో ఐక్యరాజ్యసమితివారి యునెస్కో సంస్థ ఈ భోజనాచారమును మానవజాతి సంప్రదాయసంపదల పట్టికలో చేర్చినది. కోటలను, శిల్పములను చేర్చుట వింటిమి గాని, నలుగురు కూర్చుండి తిను అలవాటునుగూడ చేర్తురని నేనెఱుగను.

బాలింత లేచి తిరుగసాగిన పిదప, ఒక శుక్రవారము సాయంకాలము మా మఱది బిడ్డను ఎత్తుకొని, "వదినగారూ, మీరిద్దరూ వెళ్లి రండి, దాని స్నేహితులు మిమ్మల్ని చూడాలంటున్నారు" అన్నాడు. నాకు మనసొప్పలేదు గాని చెల్లెలి ముఖము చూచి కాదనలేకపోయితిని. సెరంగూన్ రోడ్డున నున్న టెక్కా అను కూటమునకు పోయితిమి. ఒకప్పుడచ్చట వెదురు పొదలుండెడివట, చీనా వారి నోట ఆ వెదురే ఈ పేరైనదట. ప్రక్కనే కూరగాయల బజారు. కరివేపాకు, మునగకాడలు, అరటిపువ్వు చూచి నాకు ప్రాణము లేచివచ్చినది.

అచ్చట చెల్లెలి చెలులు ముగ్గురు మాకై కాచుకొని యుండిరి. ఒకరు బడిలో పాఠములు చెప్పు మలయు ముస్లిము యువతి. ఒకరు చెల్లెలి కార్యాలయమున లెక్కలు చూచు చీనా ఆమె. మూడవ ఆమె ఆ నగరముననే పుట్టి పెరిగిన అఱవ వనిత. ఆఱేండ్లుగా శుక్రవారము శుక్రవారము ఈ నలుగురును కలిసికొనుచున్నారట. చీనా ఆమె ఖాళీ బల్ల కనబడగానే చేతిసంచినుండి కాగితపు రుమాళ్ల పొట్లమొకటి తీసి దానిపై పడవేసినది. అంతే, ఆ బల్ల మాది. ఇక దానిని ఎవరును తాకరు. మా చెల్లెలు నవ్వి, "మన ఊళ్లో బస్సు కిటికీలోంచి తువ్వాలు వేయడం లాంటిదే" అన్నది. ఆ తువ్వాలు విషయమై మనవారు పడు తగవులు ఇక్కడ లేవు, అదియే భేదము.

అంతట ఎవరి యంగడికి వారు పోయిరి. నేను బల్లకు కాపలాగా కూర్చుంటిని. వారు ఒక్కొక్కరుగా పళ్లెములతో వచ్చిరి. ఒకదానిలో కోడి, ఒకదానిలో చేప. నా కడుపులో తిప్పినట్లైనది. "నేను కాఫీ త్రాగి కూర్చుంటాను, ఇంటికి పోయి తింటాను. ఈ బల్లమీద నేను తినలేను" అని తెలుగున చెల్లెలితో అంటిని. మెల్లగా అనుకొంటిని గాని కంఠము కఠినముగానే పలికినది. చెల్లెలి ముఖము వాడిపోయినది. అఱవ ఆమెకు మాటలు తెలియకున్నను భావము తెలిసెను గాబోలు, చెంచా క్రింద పెట్టినది.

చీనా ఆమె విషయము అడిగి తెలిసికొని, ఏమియు అనుకొనక లేచి పోయినది. కొంతసేపటికి ఒక పళ్లెముతో వచ్చినది. సన్నని బియ్యపు సేమియా, దానిపై వేయించిన క్యాబేజీ, సోయా జున్నుముక్కలు. ఆ యంగడి నుదుటను శాకము అను చీనా అక్షరమొకటి వ్రాసియుండెను. ఉల్లి, వెల్లుల్లి కూడ లేవని ఆమె మఱల మఱల చెప్పినది. బౌద్ధనియమము పాటించు చీనా వారు ఆ రెంటిని వాడరట. చాంద్రమాసమున మొదటి దినమును, పదునైదవ దినమును వారిలో ననేకులు మాంసము ముట్టరట. వాళ్ల నాయనమ్మ ఆ దినములలో ఇట్టి యంగడికే పోయెడిదట. మన నాయనమ్మల ఏకాదశి నాకు కన్నుల కట్టినది. ఆ పళ్లెములో బాతుమాంసమువలె కనబడు ముక్కలు కొన్ని యుండెను. గోధుమపిండిలోని జిగురుతో చేసినవట. శాకమునకు మాంసపు వేషమేల వేయవలెనో నాకిప్పటికిని తెలియదు, వానిని ప్రక్కకు నెట్టితిని. తక్కినది మిగులక తింటిని.

ఈలోగా ఎవరును చెప్పకయే తమ పళ్లెములను బల్ల ఆ కొసకు జరుపుకొనిరి. అప్పుడు గమనించితిని, మలయు యువతి తన మతమున ఒప్పిన యంగడినుండి తప్ప తేలేదు. తిన్న పిదప ఎంగిలిపళ్లెములు మనమే తీసికొనిపోయి అరలలో పెట్టవలెను. 2021 నుండి అది తప్పనిసరి. ఆ అరలును ముస్లిములకు వేఱు, తక్కినవారికి వేఱు. నియమము నాకొక్కదానికే యున్నదనుకొని నేను ముఖము ముడుచుకొంటిని. అక్కడ కూర్చున్న వారిలో పెక్కుమందికి ఏదో యొక నియమము గలదు. అయినను కలిసియే కూర్చుండుచున్నారు.

కాఫీ విషయము చెప్పక విడువలేను. గింజలను చక్కెరతో, వెన్నగాని మార్గరీనుగాని చేర్చి నల్లగా వేయించి, మేజోడువంటి పొడవైన గుడ్డసంచిలో వడగట్టుదురు. కోపీ యన్నచో గట్టిపాలును తియ్యదనమును ఉండును. కోపీ-ఓ యన్నచో పాలు లేని నల్లనిది. చక్కెరయు వలదన్నచో కోపీ-ఓ-కొసొంగ్ అనవలెను. ఓ యనగా చీనా భాషలలో ఒకదానిలో నలుపు, కొసొంగ్ అనగా మలయు భాషలో ఖాళీ. నేను చిన్ననాడు నాన్నగారికడ వల్లించిన వ్యాకరణము గుర్తువచ్చి, "ఇది మిశ్రసమాసము" అంటిని. మా చెల్లెలు పకపక నవ్వి దానిని వారికి వివరింపబోయి, సమాసమనగా ఏమో చెప్పలేక తికమకపడినది. ఆ నవ్వుతో నా ముడి వీడినది.

ఆ మాటల నడుమ మలయు యువతి, "మీరు వచ్చినారు గదా, ఇక మాకు నిశ్చింత" అన్నది. ఏమని అడుగగా, చెల్లెలికి ఏడవ నెలలో వైద్యులు మంచము దిగవలదన్నారట. మఱది ఉద్యోగము పనిమీద మూడు వారములు దేశాంతరమున నుండెను. ఆ మూడు వారములును ఈ ముగ్గురు వంతులు వేసికొని, కార్యాలయము విడిచిన పిదప అంగడినుండి అన్నము పొట్లము కట్టించుకొని, రైలు మాఱి, తలుపుకడకు తెచ్చి యిచ్చిరట. ఒకనాడు చెల్లెలు కన్నీరు పెట్టుకొనగా చీనా ఆమె ఆ రాత్రి అక్కడనే పండుకొనెనట. ఇవి ఏవియు అది మాకు వ్రాయలేదు. "చెపితే నువ్వు నిద్రపోవని చెప్పలేదు" అన్నది, నా వైపు చూడకుండ. వచ్చిన మొదటినాడు నేను తిట్టినది ఏ యంగడికూటినో అప్పుడు తెలిసినది. అది నన్ను పట్టి యిన్నాళ్లు నిలిపిన కూడు గదా యని చెల్లెలు అనవచ్చును. అనలేదు.

ఆ కూటములను గూర్చి అంతయు మంచియే చెప్పుట నా యుద్దేశము కాదు. ఉక్క, రొద, నూనెవాసన. ఉప్పు మనకన్న ఎక్కువ. ప్రతి పూట అక్కడ తిను పిల్లలకు ఇంటి వంట రుచి యేమి తెలియునని నాకు ఇప్పటికిని సందేహమే. ప్రక్క బల్లలలో ఒంటిగా కూర్చుండి చేతిఫోను చూచుకొనుచు తిను వృద్ధులను గూడ చూచితిని. వండువారు సైతము వృద్ధులే. వారిలో సగముమందికి అఱువది యేండ్లకు అటునిటుగా నుండునట. తెల్లవాఱకమునుపే లేచి పొయ్యికడ నిలుచు బ్రదుకును పిల్లలు కోరుట లేదు. మాకు కాఫీ యిచ్చిన ముదుసలి చేతులు వణకుచుండెను.

ఇంకొక చిన్న విషయము. ఎవరి భోజనమునకు వారే సొమ్మిచ్చుకొందురు, కాఫీ మాత్రము ఒక్కొక్క వారము ఒక్కొక్కరు పోయింతురు. తక్కువ జీతముదాని మనసు నొవ్వదు, ఎక్కువ జీతముదానికి పెత్తనము రాదు. మనలో ఇట్టిచోట నేనిత్తుననగా నేనిత్తునని చేతులు పట్టుకొని పెనగులాడుదురు. ఆ ప్రేమలో కొంత అప్పుగూడ గలదని మీరెఱుగనిది కాదు.

ఆ రాత్రి నిదురపట్టక పోతనగారి దశమస్కంధము తలచుకొంటిని. అందు గోపబాలురు కృష్ణుని చుట్టును కూర్చుండి చల్దులు కుడిచిన ఘట్టము మా నాన్నగారు చదువగా విని, నేనును నా ప్రాణసఖియు అరుగుమీద చద్దెన్నము గిన్నె నడుమనుంచుకొని అట్లే తినెడివారము. గోపికలకు అట్టి విందొకటి వర్ణింపబడినట్లు నాకు జ్ఞప్తికి రాలేదు. కార్తిక వనభోజనములు మనకు లేవా యందురేమో. ఉన్నవి, ఉసిరిచెట్టు క్రింద పొయ్యి రాజేసి వండునదియు వడ్డించునదియు మనమే.

ఆ సఖి కాపురము కొవ్వూరున. నేను గోదావరికి ఈవల రాజమహేంద్రవరమున. నడుమ ఏఱు తప్ప మఱేమియు లేదు. అయినను పదునాఱేండ్లలో ఎవరి పెండ్లిపందిట్లోనో మూడు సారులు ఎదురుపడి, "బాగున్నావా, పిల్లలెంతమంది" అని విడిపోయితిమి. ఇల్లు చేరిన వారమునకు ఆమెకు ఫోను చేసితిని. మా అత్తగారితో ఉన్నదున్నట్లు చెప్పితిని. ఆమె కొంచెముసేపు నా ముఖము చూచి, "సాయంకాలం పాలు నేను కాస్తాలే" అన్నారు. మా వారు నవ్వి ఊరకుండిరి.

ఒక రెండవ శనివారము రేవు దగ్గర చిన్న హోటలులో కలిసికొంటిమి. వడ్డించు కుఱ్ఱవాడు వచ్చి, "మగవాళ్లు వస్తున్నారా అమ్మా, ఇంకో రెండు కుర్చీలు వేయమంటారా?" అని అడిగినాడు. ఎవరును రారని చెప్పి పెసరట్టు ఉప్మా రెండు తెమ్మంటిమి. వాడు మమ్ము చూచుచు వెనుకకు పోయి బల్లను తాకినాడు. మా సఖి నవ్వు ఆపుకొనలేకపోయినది, ఆ నవ్వు పదునాఱేండ్లనాటిదే. గంటన్నర కూర్చుంటిమి. ఎవరి యట్టు సొమ్ము వారు, కాఫీ సొమ్ము నాది. వచ్చు నెల కాఫీ తనదని చెప్పి, వాళ్ల వీథిలోనున్న ఇంకొకతెను గూడ తెచ్చెదనన్నది. ఆమెయు మా అరుగుమీద చదివినదేనట. పేరు విన్నను నాకు ముఖము గుర్తురాలేదు.