మీకు తెలుసా? మలుపే లేని దారిలో కారవాన్

రిటైరైన దంపతులు కారు వెనక కారవాన్ తగిలించుకుని నెలల తరబడి దేశం చుట్టడం ఆస్ట్రేలియాలో మామూలే. వాళ్లకు ‘గ్రే నొమాడ్స్’ అని పేరు. వాళ్లలో చాలామంది నల్లబోర్ మైదానం మీదుగా పోయే ఐర్ హైవే ఎక్కుతారు. అందులో బల్లడోనియా, కైగూనా మధ్య 146.6 కిలోమీటర్లు ఒక్క మలుపూ ఉండదు. స్టీరింగ్ పట్టినవారికి కునుకు రాకుండా కబుర్లు చెప్పడమే పక్క సీటువారి ఉద్యోగం!

ఈ హైవే మీద అక్కడక్కడా తెల్లటి చారలు కనిపిస్తాయి. జీబ్రా క్రాసింగ్ అనుకునేరు, అది రన్‌వే. అత్యవసరమైతే రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ విమానం రోడ్డు మీదే దిగుతుంది.

కైగూనా దాటి తూర్పుకు వెళ్తే గడియారం పెర్త్ కంటే 45 నిమిషాలు ముందుంటుంది. అధికారిక ముద్ర లేదు, అయినా అక్కడివాళ్లంతా ఆ టైమే పాటిస్తారు.

తూర్పు నుంచి పశ్చిమ ఆస్ట్రేలియాలోకి వచ్చేవారికి సరిహద్దులో క్వారంటైన్ తనిఖీ తప్పదు. తేనె, చాలా రకాల పళ్లు, పచ్చి కూరగాయలు అక్కడే వదిలేయాలి. పారేయడానికి మనసొప్పనివాళ్ల కారవాన్లలో ముందు రాత్రి మిగిలిన కూరగాయలన్నీ ఒకే గిన్నెలో ఉడుకుతాయి.