గూడుబండికి ఎద్దులు లేవు, అంతే!

కారవాన్ అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? ఇంకెవరు, మీ అభిమాన హీరో! షాటు ఓకే కాగానే మెట్లెక్కి లోపలికి వెళ్లి తలుపేసుకుంటాడు. లోపల అద్దం, సోఫా, చల్లటి ఏసీ... బయట మనం! ఒకప్పుడు అవుట్‌డోర్ షూటింగుల్లో హీరోయిన్లు చెట్టుచాటున చీర అడ్డం పెట్టుకుని దుస్తులు మార్చుకునేవాళ్లంటే ఈనాటి కుర్రకారు నమ్మరు.

సరే, ఇది హీరోగారి కారవాన్ కథ కాదు. మా కారవాన్ కథ!

2020 సంక్రాంతికి చెన్నై నుంచి సూళ్లూరుపేట బయల్దేరాం. అద్దెకు తెచ్చిన వ్యానులో వెనక సీట్లు తీయించి పరుపులు పరిచాం. పులిహోర డబ్బా, నీళ్ల క్యాను, ముగ్గురు పిల్లలు, మా ఆవిడ, 77 ఏళ్ల మా అమ్మ... ఇదీ యూనిట్! "సినిమా కోసం 80 కిలోమీటర్లా?" అని పక్కింటివాళ్లు నవ్వారు. 14 ఏళ్ల మా పెద్దవాడైతే, "రెండు నెలలాగితే ఫోన్లోకే వస్తుంది కదా నాన్నా" అని సణిగాడు.

అమ్మ మాత్రం పరుపు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఒకే మాట అంది. "ఇది గూడుబండే గదరా అబ్బయా! ఎద్దులు లేవు, అంతే."

'మాయాబజార్' వచ్చింది 1957లో. టూరింగ్ టాకీసువాళ్లు దాన్ని పక్క ఊళ్లో ఆడించినప్పుడు అమ్మకి మా పెద్దవాడి వయసే. బండిలో వరిగడ్డి పరిచి, మీద దుప్పటి వేసి, సద్దిమూట కట్టుకుని, కింద లాంతరు వేలాడదీసి ఇంటిల్లిపాదీ వెళ్లారట. వచ్చేటప్పుడు పిల్లలందరూ నిద్ర. దారి ఎద్దులకి తెలుసు!

గుమ్మిడిపూండి, ఆరంబాకం దాటి తడ దగ్గర ఆంధ్రలో అడుగుపెట్టామో లేదో, "రాకెట్ ఏదీ?" అని చిన్నది మొదలుపెట్టింది. సూళ్లూరుపేట అంటే రాకెట్ల ఊరే మరి! 1980 జూలై 18న ఎస్సెల్వీ-3 రోహిణిని మోసుకుంటూ ఎగిరింది ఈ పక్కనున్న శ్రీహరికోట నుంచే. ఇప్పుడు ప్రయోగాలు చూసేందుకు జనం కోసం గ్యాలరీ కూడా కట్టారు. కానీ మేం వెళ్లిన రోజున ప్రయోగమేదీ లేదు. చిన్నదాని మొహం ముడుచుకుపోయింది.

వ్యానుని శ్రీహరికోట రోడ్డు మీదికి తిప్పాం. ఆ రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండు వైపులా నీళ్లే! చలికాలంలో వచ్చే ఫ్లెమింగోలు దూరంగా గులాబీరంగు గీత గీసినట్టు నిలబడి ఉన్నాయి. పెద్దవాడు ఫోన్ తీసి ఎంత దగ్గరికి లాగినా చుక్కలే తప్ప పక్షులు రాలేదు. చివరికి విసుగొచ్చి ఫోన్ జేబులో పెట్టి ఊరికే చూస్తూ నిలబడ్డాడు. అసలు పొద్దున్నించీ వాడు తలెత్తింది అప్పుడే!

ఇక అసలు ఘట్టం. హైవే పక్కనున్న 'వి ఎపిక్' సినిమా హాలు. 2019 ఆగస్టులో రామ్‌చరణ్ ప్రారంభించగా, 'సాహో'తో ఆట మొదలైంది. తెర వెడల్పు 100 అడుగులు, ఎత్తు 54. లెక్క వేసుకోండి, 5,400 చదరపు అడుగులు! నగరంలో వెయ్యి అడుగుల ఫ్లాట్లు అయిదు పరిచినా ఇంకా జాగా మిగులుతుంది. ఆ సంక్రాంతికి 'సరిలేరు నీకెవ్వరు', 'అల వైకుంఠపురములో' ఒక్కరోజు తేడాతో బరిలోకి దిగాయి. మేం ఏది చూశామో చెప్పను. మీ అభిమానుల తగాదాలో నేనెందుకు ఇరుక్కోవాలి!

చీకట్లో మెట్లు దిగలేక అమ్మ తడబడితే పెద్దవాడు చెయ్యి పట్టుకున్నాడు. సినిమా సాగుతోంది. ఉన్నట్టుండి అమ్మ వాడి చెవిలో అడిగింది. "రీలు మార్చరా?"

"రీలే లేదవ్వా. అంతా కంప్యూటర్లోనే."

"మరి మధ్యలో దీపం ఎప్పుడేస్తారు, ఒకరి మొహం ఒకరు చూసుకోడానికి?"

వాడికి జవాబు తోచలేదు. ఇంటర్వెల్లో లైట్లు వెలిగాయి. అమ్మ తెర వైపు చూడలేదు. అటు తిరిగి, ఇటు తిరిగి మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసుకుంది. టెంటులో రీలు మారినప్పుడల్లా వాళ్లమ్మ అలాగే పిల్లల్ని లెక్కపెట్టుకునేదట!

తిరుగు ప్రయాణంలో పిల్లలందరూ నిద్ర. దారి మాత్రం నేనే చూసుకోవాల్సొచ్చింది!

రెండు నెలలు దాటాయో లేదో, 2020 మార్చిలో, దేశమంతటా హాళ్లు మూతపడ్డాయి. మావాడన్నట్టే ఆ సినిమా ఫోన్లోకి వచ్చింది. చూస్తూ చూస్తూ సగంలో ఆపేసి లేచాడు. "ఏరా?" అన్నాను. "ఇంటర్వెల్ నాన్నా" అంటూ వెళ్లి అవ్వ పక్కన కూర్చున్నాడు.

2021లో అమ్మ వెళ్లిపోయింది. హాల్లో తను చూసిన ఆఖరి సినిమా అదే.

మీరూ స్నేహితులతో వ్యాను కట్టించుకుని సినిమాకి బయల్దేరుతుంటారు కదూ! వెళ్లండి, ఈలలు వెయ్యండి, కాగితాలు ఎగరెయ్యండి. కానీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పరుపు పరిచి ఇంట్లో పెద్దవాళ్లని ఎక్కించుకోండి. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ కోసం పరిగెత్తకుండా ఒక్క నిమిషం పక్కకి చూడండి.