ఊపిరిగల పెట్టె

కొల్లేటి లంకలలోని జాతర రాత్రులయందును, ఏలూరు తాడేపల్లిగూడెముల పందిళ్ళలోను పద్యనాటకము చూచినవారికి, తెరలేవకమునుపే రంగము నాక్రమించుకొను హార్మోనియపు నాదము చిరపరిచితము. కాళ్ళతో తిత్తిని త్రొక్కుచు, రెండుచేతులను మెట్లపై పరుగులెత్తించుచు హార్మోనిస్టు పుట్టించు ఆ శ్రుతిని ఆధారముగా గొనియే శ్రీకృష్ణుడు రాయబారమునకు బయలుదేరును. ఈ సీమలోని యెండగండిలో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రితో గూడి రచించిన పాండవోద్యోగ విజయములలోని పద్యములు అక్షరములు రానివారి నాలుకలపైనను నిలిచినవన్న, ఆ యశస్సులో కొంత పాలు ఈ పెట్టెకును చెందవలెనని నా విశ్వాసము.

దీని ప్రాణమంతయు ఇత్తడి నాలుకలో నున్నది. ఇత్తడిరేకున సన్నని చీలిక కోసి, దానికంటె వెండ్రుకవాసి సన్ననైన నాలుకను ఒక కొనయందు మాత్రమే బిగింతురు. తిత్తిలోని గాలి చీలికగుండ దూసికొనిపోవుచు ఆ నాలుకను లోనికిని వెలికిని ఊగించును. గాలి తెగి తెగి నాదమగును. ఒకటవ శ్రుతి మధ్యషడ్జమునకు సెకనునకు సుమారు 262 ఊపులు. పై షడ్జమునకు రెట్టింపు. మురళిలో స్వరమును గొట్టపు నిడివి నిర్ణయింపగా, ఇచ్చట నాలుక నిడివియు మందమునే నిర్ణయించును గనుక, చిన్న చేతిపెట్టెలో మూడు స్థాయిలు ఇమిడినవి.

చీనాదేశపు షెంగ్ అను వెదురువాద్యమున ఇట్టి నాలుకలు ప్రాచీనకాలమునుండియు కలవు. ఐరోపాలో మాత్రము వీని కథ, విచిత్రముగా, మాటలాడు యంత్రముతో ముడివడియున్నది. మనుష్యకంఠమున అచ్చులు పుట్టు విధమును వివరించి, వానిని పలుకు యంత్రమును నిర్మించువారికి సెంట్ పీటర్స్‌బర్గు శాస్త్రపరిషత్తు బహుమాన మిత్తునని ప్రకటింపగా, కోపెన్‌హేగెన్ ఆచార్యుడు క్రాట్సెన్‌స్టైన్ వేర్వేరు ఆకృతుల గొట్టములకు ఊగు నాలుకల నమర్చి, అచ్చులవంటి ధ్వనులను పలికించి, 1780లో ఆ బహుమానము నందుకొనెను. పలుకుటకై పుట్టిన ఉపాయము పాటకు దాసియగుట విజ్ఞానచరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము. 1829లో వియన్నాలో డెమియన్ రొమ్ముపై నుంచుకొని వాయించు అకార్డియన్‌కు పేటెంటు పొందెను. కొలదికాలమునకే పారిసులో డెబేన్ కాలితో త్రొక్కు హార్మోనియమును రూపొందించెను. నేలపై కూర్చుండి పాడు మనవారికై కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ తిత్తిని వెనుకకు మార్చి చేతిపెట్టెను తీర్చిదిద్దెను.

ఇంతగా ప్రజల నలరించిన వాద్యమును ఆకాశవాణి 1940లో బహిష్కరించినది. అంతకు రెండేండ్లు ముందు ఆ సంస్థలోనే పాశ్చాత్యసంగీత విభాగపు అధికారియైన జాన్ ఫౌల్డ్స్ దీనిని ఖండించుచు వ్రాసెను. రవీంద్రునకును ఇది రుచింపలేదు. స్థాయిని పండ్రెండు సమభాగములుగా ఖండించిన మెట్లపై గమకము జారదనియు, సూక్ష్మశ్రుతులు పలుకవనియు వారి ఆక్షేపణ. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమైననాటికి ఆ నిషేధ మమలులోనే యుండెను. 1971లోగాని కొంత సడలలేదు. రాగాలాపన విషయమున ఆక్షేపణ సత్యమే. అయినను ఆరుబయలున, వేలజనుల కోలాహలమున, అర్ధరాత్రివేళ అలసిన నటుడు పద్యపాదపు తుది అచ్చును పట్టుకొని రాగము తీయుచున్నపుడు, వానికి కావలసినది జారుపాటుగాదు, కదలని ఆధారస్వరము. ఆ కార్యమున దీనిని మించిన చెలికాడు మన రంగస్థలమునకు దొరకలేదు.

కొల్లేటిసీమ తేమగాలి దీనికి శత్రువు. కొయ్య ఉబ్బి మెట్లు పట్టుకొనును. ఇత్తడికి చిలుము పట్టును. నాలుక పలుకకున్న, తరచు దోషము చీలికలోని ధూళికణమే. పలుచని కాగితమును క్రింద దూర్చి లాగినచో మరల పలుకును. శ్రుతి దిగిన కొనను, శ్రుతి హెచ్చిన మొదటిని సన్నగా గీకవలెను. కొనను బరువు తగ్గిన స్వరమెక్కును, మొదట బిగువు తగ్గిన దిగును. ఒక్కమారు అధికముగా గీకినచో లోహము తిరిగి రాదు గనుక, నేర్పరి రెండు గీతలు గీచి, మెట్టు నొక్కి విని, మరల గీచును.