ప్రయోగ నిర్ణయమున శోధనయంత్రముల ప్రామాణ్యము

ఒక పదబంధము లోకమున వాడుకలో నున్నదా లేదా యను ప్రశ్న పుట్టినప్పుడు పూర్వులు నిఘంటువును, లక్ష్యగ్రంథములను చూచెడివారు. నేటి పరిశోధక విద్యార్థి గూగుల్ వంటి శోధనయంత్రమును చూచుచున్నాడు. అది తప్పని మేము చెప్పము; మేమును చూచుచునే యున్నాము. కాని ఇటీవలి సిద్ధాంతవ్యాసములలో "ఇన్ని వేల ఫలితములు గలవు గావున ఇది బహుళ ప్రచారము గల ప్రయోగము" అనియు, "ఫలితములు లేవు గావున అపప్రయోగము" అనియు వాక్యములు తఱచుగా కనబడుచున్నవి. ఆ సంఖ్యకు ఉపపత్తి యగు యోగ్యత యున్నదా యని విచారించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మొదట ఆ సంఖ్య దేనిని లెక్కించునో తెలియవలెను. అది ప్రయోగముల సంఖ్య కాదు, పుటల సంఖ్య. ఒక పుటలో పదబంధము పదిమార్లు వచ్చినను ఒకటిగనే లెక్క. ఒకే వార్తను పదిచోట్ల ఎత్తి వ్రాసినచో అది పది. పైగా అది లెక్కయు కాదు, అంచనా. మొదట వేలసంఖ్య చూపిన యంత్రము చివరి పుటకు పోవుసరికి కొన్ని వందలతో నిలిచిపోవుట ఓపికతో చూచినవారికి తెలిసినదే. భాషాశాస్త్రజ్ఞుడు ఆడమ్ కిల్గారిఫ్ 2007లో 'కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్' పత్రికయందు ఈ దోషములను ఎత్తిచూపి, గూగుల్ సంఖ్యలపై కట్టిన శాస్త్రము మంచి శాస్త్రము కాదని నిర్మొగమాటముగా వ్రాసెను.

ఇంతకంటె ముఖ్యమైనది హారము. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయమువారు 1961లో అచ్చైన ఆంగ్ల రచనలనుండి 500 భాగములు ఏరి, సుమారు 10 లక్షల మాటల సంచయమును కూర్చిరి. అందులో ఒక మాట ఇరువదిమార్లు వచ్చినదన్నచో ఆ ఇరువదికి అర్థము గలదు. ఎంతలో ఇరువది యని చెప్పగలము. శోధనయంత్రము చూపు సంఖ్యకు హారము లేదు, కాలము లేదు, రచయిత లేడు. పదునైదవ శతాబ్దపు పద్యమును నిన్న ఎవరో అంతర్జాలమున నెక్కించిరేని అది నిన్నటి పుటయే యగును.

ఇదంతయు ఆంగ్లమునకును వర్తించును. తెలుగు సంగతి మఱింత చిక్కు. 'కొట్టెను' అను అర్థమున 'చేయి చేసుకొను' అను జాతీయమును తీసికొందము. 'చేయి', 'చెయ్యి' అని మొదటి పదమునకు రెండు రూపములు. 'చేసికొన్నాడు', 'చేసుకొన్నాడు', 'చేసుకున్నాడు' అని క్రియకు మూడు. రెండు పదములను విడదీసి వ్రాయువారు కొందఱు, కలిపి వ్రాయువారు కొందఱు. ఒక్క ప్రథమ పురుష పుంలింగ భూతకాలరూపమునకే పండ్రెండు వ్రాతలు తేలుచున్నవి. ఆడువారు చేయి చేసుకొన్నచో లెక్క మరల మొదలు! నడుమ 'కూడ' యని చేరిన వాక్యము ఈ పండ్రెండింటిలో దేనికిని దొరకదు. మనకు అవి యన్నియు ఒకే జాతీయము. యథాతథముగా వెదకుమన్న యంత్రమునకు వేర్వేరు అక్షరముల వరుసలు. ఒక్క వ్రాతను వెదకి దాని సంఖ్యను జాతీయము సంఖ్యగా చూపుట గంపెడు ధాన్యమున ఒక గింజను తూచుట వంటిది.

లేనిది ఉన్నట్లు తోచుటయు కలదు. తెలుగు వికీపీడియాలోని గ్రామముల పుటలు వేలకొలది ఒకే మూసలో పోసినవి. జనాభా, బడులు, నీటివసతి గూర్చి అవే వాక్యములు ఊరి పేరు మాత్రము మార్చుకొని వచ్చుచుండును. సమాచారమునకు అవి ఉపయుక్తములే, కాని అందలి పదబంధము వేలమార్లు కనబడుటకు కారణము ఒక్క మూస, వేలమంది వక్తలు కారు. గూగుల్ అనువాదమున తెలుగు 2011లో చేరినది. అట్టి యంత్రానువాదములు పుటలై నిలిచినప్పుడు, యంత్రము పలికిన మాటకు యంత్రమే సాక్ష్యము చెప్పుచున్నది. వాదియే సాక్షియైన వ్యవహారము!

ఉన్నది లేనట్లు తోచుట అంతకంటె హానికరము. గత శతాబ్దపు తెలుగు పుస్తకములలో అనేకము అంతర్జాలమున కెక్కినను, పుటల ఛాయాచిత్రములుగ నుండుటచే వాని లోపలి మాటలు వెదకుటకు చిక్కవు. నోటిమాట సంగతి చెప్పనక్కరలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము రైతులనడిగి సేకరించిన వ్యవసాయ పదములతో నిండినది. ఆ రైతులు ఏ పుటలోను వ్రాయలేదు. ఊరూర తిరిగి అడిగినవారికి చెప్పిరి.

కొంతకాలము క్రిందట ఒక విద్యార్థిని వ్యాసమున 'పొద్దుగూకినంక' అను మాటను పరీక్షకులు కొట్టివేసి, అంచున "వాడుక లేదు" అని వ్రాసిన ప్రతి మా చేతికి వచ్చినది. విచారింపగా వారు యంత్రమున వెదకితి మనియు, ఫలితములు మిక్కిలి స్వల్పమనియు చెప్పిరి. ప్రొద్దు క్రుంకుట, గ్రుంకుట, గుంకుట యని గ్రంథములం దున్న క్రియకే తెలంగాణమున 'గూకు' అనుట ఆ ప్రాంతమువారికి పసినాటినుండి తెలిసిన సంగతి.

ఇక యంత్రమును విడువవలెనా? అక్కరలేదు. గిడుగు రామమూర్తిగారు 'బాలకవిశరణ్యము'న తమ వాదమునకు సంఖ్యలు చూపలేదు. ఏ కవి, ఏ మాటను వాడెనో ప్రయోగములనే ఎత్తిచూపిరి. శోధనయంత్రము అట్టి ప్రయోగముల జాడ తెలుపుటకు మంచి సాధనము. పుటను తెఱచి చదివి, రచయిత ఎవరో, కాలమెప్పుడో, ప్రాంతమేదో, అనువాదమా స్వతంత్రమా యని గుర్తించినచో పది ప్రయోగములు చాలును. వ్రాతభేదము లన్నింటిని విడివిడిగా వెదకవలెను. ఫలితము లేనిచోట 'మాకు దొరకలేదు' అని మాత్రమే వ్రాయవలెను.

ఆ విద్యార్థిని ఆ మాటను తన అవ్వ నోట విన్నదట. అవ్వ వయస్సును, ఊరిని, ఆమె పలికిన పూర్తి వాక్యమును అధోజ్ఞాపికగా చేర్చి వ్యాసమును మరల సమర్పింపుమని చెప్పితిమి.