ఎర్రదీపం – బ్రేకు లైనింగు

పాల వ్యాను బ్రేకులు తొందరగా అరిగిపోతుంటే మనం లైనింగుల నాణ్యతనే అనుమానిస్తాం. డ్రైవరు సిగ్నలు దగ్గరకు వచ్చే తీరును కూడా ఒకసారి గమనించాలి. ఆ మరమ్మతు ఖర్చు చివరకు సభ్యుల పాల డబ్బులోనుంచి పోయేదే.

దూరాన ఎర్రదీపం కనిపిస్తున్నా కొందరు ఏక్సిలరేటరు వదలరు. అక్కడిదాకా పోయి ఒక్కసారిగా బ్రేకు తొక్కుతారు. ముందుగా చేరినందుకు పచ్చదీపం ముందుగా వెలగదు కదా! క్యాన్లతో కలిపి 5 టన్నుల బరువున్న వ్యాను గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. దానిని బ్రేకుతోనే ఆపితే పుట్టే వేడి సుమారు 2 లీటర్ల చన్నీళ్ళను మరిగించడానికి చాలు. అదంతా డ్రమ్ములు, లైనింగులే భరించాలి. వేగం 30కి తగ్గాక బ్రేకు వేస్తే ఆ వేడి సగం కాదు, నాలుగో వంతే.

కాబట్టి ఎర్రదీపం కనబడగానే ఏక్సిలరేటరు మీదనుంచి కాలు తీసి, బండిని గేరులోనే ఉంచాలి. ఇంజనే వేగాన్ని తగ్గిస్తుంది. డీజిలు కలిసివస్తుందని న్యూట్రల్ చేసేవారున్నారు. అప్పుడు భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది. నడుస్తున్న బండిలో ఇంజను ఆపివేయడం మరీ ప్రమాదం. వాక్యూం సహాయంతో పనిచేసే బ్రేకయితే రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడలు బిగిసిపోతుంది.

సగం నిండిన టాంకరులో పాలు ముందుకు పొర్లి బండిని నెడతాయి గనుక ఇంకా ముందే నెమ్మదించాలి.

బ్రేకు వేసినప్పుడు ఇనుము గీసుకున్న చప్పుడు వస్తే, లైనింగు అరిగి రివెట్లు డ్రమ్మును తాకుతూ ఉండవచ్చు. ఆ రోజే బండిని షెడ్డుకు పంపండి. ఆలస్యమైతే లైనింగుతోపాటు డ్రమ్ము కూడా మార్చవలసివస్తుంది.