రక్షకులకు నిద్రయే రక్ష

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు వచ్చి, అటుపిమ్మట గువ్వలచెరువు ఘాటు గడచి రాయచోటి వైపునకు సాగిపోవు 40వ జాతీయ రహదారిపై రాత్రివేళ ఏ లారీ బోల్తాపడినను, ఆ దారి ప్రక్క ఏ పల్లెలో నిండుచూలాలికి నొప్పులు మొదలైనను, మన సీమవారి నోట మొదట వెలువడునది 108 అను అంకెయే. కడప జిల్లా వాసియైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలమున, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన ఈ అంబులెన్సు సేవ కాలక్రమమున అనేక రాష్ట్రములకు వ్యాపించినది. బండి ఎంతసేపటికి వచ్చునని అందరును అడుగుదురు. దానిని నడుపు పైలట్టును, వెనుక రోగి ప్రక్కన కూర్చుండు ఈఎంటీ అను అత్యవసర వైద్య సహాయకుడును కంటినిండ నిద్రించి ఎంతకాలమైనదని అడుగువారు అరుదు.

ఈ సిబ్బంది పన్నెండు గంటల షిఫ్టులలో పనిచేయుట, పని వేళను ఎనిమిది గంటలకు తగ్గింపుడని వారి సంఘములు పలుమార్లు కోరుట లోకవిదితమే. మోటారు రవాణా కార్మికులకు సామాన్యముగా దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించరాదని 1961 నాటి చట్టము విధించియుండుటకు కారణము కేవల దయ కాదు. అలసిన చేయి చక్రముపై నిలువదను అనుభవమే.

మానవదేహమున ఒక అంతర్గత గడియారము కలదు. తెల్లవారుజామున సుమారు రెండు మొదలు ఐదు గంటల వరకు అది శరీరోష్ణమును తగ్గించి, మెలకువను మందగింపజేసి, ఎంతటి మనోనిబ్బరము గలవానినైనను నిద్రవైపు లాగును. ఆ వేళ కన్నులు తెరచియుండగనే మెదడు కొన్ని క్షణములు నిద్రలోనికి జారుట కద్దు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి అట్టి నాలుగు సెకనులలో దాదాపు 90 మీటర్లు దిక్కులేక పరుగిడును. నిదురమత్తులో వాడిన సూది తన చేతికే గుచ్చుకొనుట, స్ట్రెచరు ఎత్తుటలో నడుము పట్టుట, బండి మెట్టుపై కాలు జారుట, నిలుచుండి చికిత్స చేయుచుండగా ఆకస్మికపు బ్రేకునకు తూలిపడుట, ఇవన్నియు ఈ వృత్తిలోని గాయములే.

1997లో డాసన్, రీడ్ అను పరిశోధకులు 17 గంటలు ఎడతెగక మేల్కొనిన మనుజుని నైపుణ్యము, 100 మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాముల మద్యము గలవాని నైపుణ్యముతో సమానముగా క్షీణించునని నిరూపించిరి. మన దేశమున వాహనచోదకునికి చట్టము విధించిన హద్దు 30 మిల్లీగ్రాములే! అమెరికాలో ప్యాటర్సన్ బృందము 2012లో ప్రకటించిన అధ్యయనమున, అత్యవసర వైద్యసేవకులలో సగముకంటె ఎక్కువమంది తీవ్రమైన అలసటతో ఉన్నట్లును, అలసినవారికి గాయపడు అవకాశము తక్కినవారికంటె దాదాపు రెట్టింపు ఉన్నట్లును తేలినది.

మన సీమకు ఇంకొక కష్టము తోడగును. గాఢనిద్ర పట్టవలెనన్న దేహపు వేడి కొంత దిగవలెను. రాత్రి డ్యూటీ ముగించి ఉదయము ఇల్లు చేరినవాడు, 40 డిగ్రీలు దాటిన కడప వేసవిలో, కాగిన మిద్దె క్రింద, ఉక్కపోతలో, వీధి సందడి నడుమ ఎట్లు నిద్రించగలడు? నిద్ర అప్పు దినదినము పెరుగుచుండును. టీ నీళ్లు దానిని కొంతసేపు మరపించునే గాని తీర్చవు.

కావున ఈ అలసటను సేవకుని బద్ధకముగా నెంచి మందలించుట అన్యాయము. 2018లో అమెరికాలో వెలువడిన మార్గదర్శకములు షిఫ్టులు 24 గంటలకు లోబడియుండవలెననియు, విధిమధ్యమున కునుకు తీయుటకు వీలు కల్పింపవలెననియు, అలసటను క్రమముగా కొలువవలెననియు, కాఫీ వంటివి అందుబాటున ఉంచవలెననియు, నిద్రను గూర్చి సిబ్బందికి బోధింపవలెననియు సూచించినవి. మనమో షిఫ్టులను ఇంకను కుదించుకొని, బండ్లు నిలుచుచోట్ల చల్లని చీకటి గది నొకదానిని ఏర్పరచి, కునుకు తీసి లేచినవానికి మత్తు వదలుటకు కొన్ని నిముషములిచ్చి, "ఈ రాత్రి నాకు నిద్ర చాలలేదు" అని చెప్పినవానిపై శిక్ష పడదను భరోసా కల్పింపవలెను. ఆక్సిజన్ సిలిండరు నిండియున్నదో లేదో షిఫ్టు ఆరంభమున చూచుకొను వ్యవస్థ, దానిని వాడువాని మెలకువను సైతము అంతే శ్రద్ధతో చూడవలెను. ఏలయన ఆ మెలకువపైననే రోగి ప్రాణమును, సేవకుని ప్రాణమును ఏకకాలమున ఆధారపడియున్నవి. దానికగు వ్యయమును భరించుట ప్రభుత్వ ధర్మము, దానిని అడిగి సాధించుట మనందరి ధర్మము.