మద్ది ఆకు మీద బతికే దసలి పట్టు

మల్బరీ పట్టుపురుగును ఇంట్లో తట్టల్లో పెంచుతారు. జార్ఖండ్‌లో జంషెడ్‌పూర్ చుట్టుపక్కల సింగ్‌భూం అడవుల్లో పెరిగే దసలి పట్టుపురుగుకు మాత్రం చెట్టే ఇల్లు. ఏరుమద్ది, నల్లమద్ది, సాల చెట్ల ఆకులు దాని ముఖ్య ఆహారం.

రెక్కలొచ్చిన మాత్‌కు తినడానికి పనికొచ్చే నోరుండదు. కొద్ది రోజులే బతుకుతుంది. ఎగరడానికి, గుడ్లు పెట్టడానికి కావలసిన శక్తంతా గొంగళిగా ఉన్నప్పుడు తిన్న ఆకు నుంచే రావాలి. గొంగళి నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. అయిదో దశ చివర గట్టి గూడు అల్లుకుని, దాన్ని కాడతో కొమ్మకు వేలాడదీస్తుంది. చలికాలం, ఎండాకాలం ప్యూపా ఆ గూట్లోనే నిద్రాణంగా ఉంటుంది. వానలు మొదలై ఆకు దొరికే వేళకు మాత్ బయటికొస్తుంది.

ఆరుబయటే పెరుగుతుంది కాబట్టి చీమలు, కందిరీగలు, పక్షుల బెడద ఎక్కువ. పెంపకందార్లు పగలంతా కాపలా కాస్తారు. రాంచీలోని కేంద్ర దసలి పరిశోధన, శిక్షణ సంస్థ ఈ పురుగుల మీద, వాటి ఆహార వృక్షాల మీద పరిశోధిస్తోంది. తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లోనూ దసలి పంట ఉంది. ఎక్కడైనా లెక్క ఒక్కటే: మద్ది చెట్టు నరికితే కట్టెలు ఒక్కసారే వస్తాయి; నిలబెడితే ఏటా పట్టు గూళ్లు కాస్తాయి.